మూతపడ్డ ఎరువుల డిపో: నైట్రేట్ తగ్గుతోంది కానీ 10కి దిగట్లేదు. క్లోజర్‌కి వెళ్లొచ్చా? (విస్కాన్సిన్)

#1 నీటిమట్టం

అందరికీ నమస్కారం. విస్కాన్సిన్‌లో ఒక పాత కో-ఆప్ (రైతుల సహకార సంఘం) స్థలం గురించి సలహా కావాలి. పొడి ఎరువుల షెడ్డు, ద్రవ నత్రజని ఎరువు (యూఏఎన్ 28 శాతం) ట్యాంకులు, పురుగుమందుల గది ఉండేవి. వాటి ముందు కాంక్రీట్ లోడింగ్ ప్యాడ్ ఉంది. వ్యాపారం ఎప్పుడో ఆగిపోయింది. ప్యాడ్ చుట్టూ ఉన్న మట్టిని 5 ఏళ్ల కిందట తవ్వి తీసేశారు.

నేల ఇసుక. నీటిమట్టం 4 మీటర్ల లోతున ఉంటుంది, వసంతంలో 3 దాకా పైకొస్తుంది. స్లగ్ టెస్టుల (బావిలో మట్టాన్ని కదిపి చూసే పరీక్షల) ప్రకారం పారగమ్యత రోజుకు 15 మీటర్లు, నీటిమట్టం వాలు 0.003. ప్యాడ్ నుంచి భూజలం పారే వైపు 40 మీటర్ల దూరంలో ఉన్న 3వ పరిశీలన బావిలో నైట్రేట్ అంకెలు (నత్రజనిగా, మి.గ్రా./లీ.), వసంతం-శరత్తు, వసంతం-శరత్తు వరసలో ఇవి:

48, 41, 44, 36, 38, 29, 31, 24

ఎగువ బావిలో 6 నుంచి 8 మధ్య ఉంటోంది, అది చుట్టుపక్కల మొక్కజొన్న పొలాల నుంచి వచ్చేది. సరిహద్దు దగ్గరి 5వ బావిలో 13. యజమాని స్థలం అమ్ముకుందామని చూస్తున్నారు, ఈ ఏడే క్లోజర్ దరఖాస్తు (శుభ్రం చేసింది చాలు, కేసు మూసేయండని రాష్ట్రాన్ని అడిగేది) పెట్టమంటున్నారు. ప్రమాణం 10 కదా, ఇంకా దాటే ఉంది. ఈ లెక్కతో వెళ్తే నిలబడుతుందా?

#2 ఇసుకరేవు

10 దాటినంత మాత్రాన దరఖాస్తు పెట్టకూడదని లేదండి. విస్కాన్సిన్ భూజల నియమం ఎన్‌ఆర్ 140లో రెండు గీతలున్నాయి. నైట్రేట్‌కి ఎన్‌ఫోర్స్‌మెంట్ స్టాండర్డ్ 10, ముందు హెచ్చరికగా పెట్టిన ప్రివెంటివ్ యాక్షన్ లిమిట్ 2. ఎగువ నుంచే 6-8 వస్తుంటే మీ స్థలం 2కి దిగడం అయ్యే పని కాదు, అది అధికారులకీ తెలుసు. 10 దాటి ఉన్నా క్లోజర్ నియమం ఎన్‌ఆర్ 726 కింద మూసే వీలుంది. అయితే ప్లూమ్ (భూజలంలో కలుషితం పాకిన మేర) నిలకడగానో తగ్గుతూనో ఉండాలి, ప్రకృతి తనంతట తాను సమంజసమైన కాలంలో శుభ్రం చేసుకుంటుందని చూపాలి. మీరు తేల్చుకోవాల్సింది ఆ రెండే.

తగ్గుదల మాన్-కెండాల్ పరీక్షకి (తగ్గుదల నిజమా, యాదృచ్ఛికమా అని చూసే గణాంక పరీక్ష) నిలుస్తుంది. ప్రతి అంకెనీ దాని తర్వాత వచ్చిన అంకెలన్నిటితో పోల్చి, తగ్గితే -1, పెరిగితే +1 వేసుకుంటూ పోండి: 48కి -7, 41కి -4, 44కి -5, 36కి -2, 38కి -3, 29కి 0, 31కి -1. మొత్తం ఎస్ = -22. 8 నమూనాలకి ఇది యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం 0.3 శాతం లోపే.

ఒక జాగ్రత్త. మీ అంకెలు రంపం పళ్లలా ఉన్నాయి, వసంతంలో మంచు కరిగి నీరు దిగినప్పుడల్లా లేస్తున్నాయి. కాబట్టి వసంతాన్ని వసంతంతో, శరత్తుని శరత్తుతో విడిగా చూపించండి. వసంతం 48, 44, 38, 31. శరత్తు 41, 36, 29, 24. రెండూ విడివిడిగా దిగుతున్నాయి. ఈ రెండు గీతలూ వేరువేరుగా ఉన్న గ్రాఫు పెడితే సమీక్షించేవాళ్లు మళ్లీ అడగరు.

#3 కంకరపొర

తగ్గుతోంది, కాదనను. ఎంత నెమ్మదిగా తగ్గుతోందో చూడండి, అసలు సమస్య అక్కడే ఉంది.

నీటి వేగం లెక్క: 15 × 0.003 ÷ 0.25 (సచ్ఛిద్రత) = రోజుకి 0.18 మీటర్లు, అంటే ఏడాదికి దాదాపు 66 మీటర్లు. నైట్రేట్ ఇసుకకి అంటుకోదు, నీటితోపాటే పోతుంది. 5 ఏళ్ల కిందట మూలం నిజంగా పోయి ఉంటే 40 మీటర్ల దూరంలోని 3వ బావి ఏడాది తిరిగేసరికి కడిగేసుకుని ఎగువ బావి స్థాయికి రావాలి.

మీ వసంతం అంకెల్లో 48 నుంచి 31కి రావడానికి 3 ఏళ్లు పట్టింది. ఎల్‌ఎన్(48/31) ÷ 3 = ఏడాదికి 0.146, అంటే సగం కావడానికి 4.8 ఏళ్లు. ఇదే తీరున పోతే 31 నుంచి 10కి రావడానికి మరో 8 ఏళ్లు. 8 ఏళ్లు సమంజసమేనని ఎవరైనా ఒప్పుకోవచ్చు. నేను మాత్రం అడుగుతాను: పైనుంచి ఇంకా ఏం దిగుతోంది?

ఎరువుల డిపోల్లో దీనికి మామూలుగా దొరికే జవాబు అమ్మోనియం. నైట్రేట్ వానకి జారిపోతుంది. అమ్మోనియం మట్టిలోని బంకరేణువులకీ సేంద్రియ పదార్థానికీ పట్టుకుని కూర్చుంటుంది. ఆక్సిజన్ తగిలిన కొద్దీ సూక్ష్మజీవులు దాన్ని కొంచెం కొంచెంగా నైట్రేట్ చేసి వదులుతాయి. ఇసుక నేలైనా ప్యాడ్ వేసేటప్పుడు కింద పరిచిన గ్రావెల్‌లో బంక ఉంటుంది, అది చాలు.

రెండు ప్రశ్నలు. మట్టి తీసినప్పుడు ప్యాడ్ లేపారా? మట్టిలో అమ్మోనియం పరీక్ష చేయించారా, లేక నైట్రేట్ ఒక్కటేనా?

#4 నీటిమట్టం

ప్యాడ్ లేపలేదు, చుట్టూ ఉన్న మట్టి మాత్రమే తీశారు. అప్పటి నివేదికలో నైట్రేట్, అట్రజిన్ (కలుపు మందు) ఉన్నాయి, అమ్మోనియం లేదు. ప్యాడ్‌కీ షెడ్డు గడపకీ మధ్య అతుకులో పాత తారు పూత లేచిపోయి తెల్లటి పొక్కు కట్టి ఉంది.

#5 కంకరపొర

ఆ తెల్ల పొక్కు ఉన్న అతుకు వెంబడే బోర్లు వేయించండి. లోడర్ బకెట్ షెడ్డులోంచి బయటికొచ్చే చోటది, రాలిన ఎరువంతా గడప దగ్గరే పడేది, వాన నీటితో అతుకులోకి దిగేది. ప్యాడ్ మధ్యలో ఎన్ని బోర్లు వేసినా అక్కడ కనపడేది కనపడదు.

కాంక్రీట్ కోసి, డైరెక్ట్ పుష్‌తో (గొట్టాన్ని నేలలోకి నెట్టి మట్టి తీసే యంత్రంతో) 5 చోట్ల వేయండి: అతుకు మీద 3, సంప్ (ప్యాడ్ మీద కారింది చేరే గుంట) పక్కన 1, ద్రవ నత్రజని నింపే గొట్టం కింద 1. ఒక్కో బోరులో 0.3, 1, 2, 3 మీటర్ల దగ్గర నమూనా తీయండి. ల్యాబుకి అమ్మోనియం కోసం 2 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంతో తీయమని రాసివ్వండి. నీటితో తీస్తే మట్టికి పట్టిన అమ్మోనియం బయటికి రాదు, అంకె తక్కువ చూపిస్తుంది. సంచిలో మట్టిని వెచ్చగా వదిలేసినా దారిలోనే అమ్మోనియం నైట్రేట్ అయిపోతుంది, ఐస్‌లో పెట్టి వెంటనే పంపండి.

#6 గోదారిగట్టు

ఆంధ్రా వైపు నుంచి ఒక సందేహం. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో నైట్రేట్ పరిమితి 45 అని ఉంది. మీరంతా 10 అంటున్నారు. అంత తేడా ఎందుకు? మా దగ్గర ఒక పాత ఎరువుల గోడౌన్ పక్క బోరులో 38 అని వచ్చింది, అది మంచిదా కాదా?

#7 పచ్చజొన్న

తేడా కొలిచే పద్ధతిలోదేనండి, పరిమితి దాదాపు ఒకటే. 45 అన్నది మొత్తం నైట్రేట్ అయాన్ బరువు. 10 అన్నది అందులోని నత్రజని బరువు మాత్రమే. నత్రజనిగా ఉన్న అంకెని 4.43తో హెచ్చిస్తే నైట్రేట్ వస్తుంది: 10 × 4.43 = 44.3. మీ 38 నైట్రేట్‌గా ఇచ్చినదైతే నత్రజనిగా 8.6, పరిమితి లోపలే. కానీ నత్రజనిగా 38 అయితే 168 నైట్రేట్ అన్నమాట, పసిపిల్లల పాల సీసాలో ఆ నీళ్లు అసలు పోయకూడదు. ల్యాబుకి ఫోన్ చేసి ఏ రూపంలో ఇచ్చారో తేల్చుకున్నాకే ఎవరికైనా చెప్పండి. రెండు ల్యాబుల అంకెల్ని ఒకే గ్రాఫులో కలిపి నాలుగింతల "తగ్గుదల" చూపించిన నివేదికలు కూడా ఉంటాయి.

నీటిమట్టం గారూ, నమూనా తీసే పద్ధతి గురించి మీరు రాయలేదు. బెయిలర్‌తోనా (తాడుతో దించి నీళ్లు తోడే గొట్టం), తక్కువ వేగం పంపుతోనా? 8 దఫాలూ ఒకే పద్ధతా?

#8 నీటిమట్టం

మొదటి రెండు దఫాలు బెయిలర్, తర్వాతవన్నీ పెరిస్టాల్టిక్ పంపు.

#9 పచ్చజొన్న

అయితే ఆ సంగతి నివేదికలో దాచకుండా రాయండి. మొదటి రెండు అంకెలూ వదిలేసి మిగతా ఆరింటికి మళ్లీ లెక్క కట్టి పక్కన పెట్టండి. 44, 36, 38, 29, 31, 24కి ఎస్ = -11 వస్తుంది, అదీ బలమైనదే. మీ వాదన పద్ధతి మార్పు మీద ఆధారపడలేదని అప్పుడు తెలుస్తుంది.

ఇకపై ఇలా చేయండి. గొట్టం మూతి బావి స్క్రీన్ (నీరు లోపలికి వచ్చే చిల్లుల భాగం) మధ్యలో ఉండాలి. పంపు వేగం నిమిషానికి 100 నుంచి 500 మి.లీ. లోపల, బావిలో మట్టం 10 సెం.మీ. కన్నా దిగకూడదు. 3 నుంచి 5 నిమిషాలకోసారి చదువుతూ వరసగా మూడు సార్లు నిలకడ చూడండి: పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు, కరిగిన ఆక్సిజన్ 10 శాతం లోపు, ఓఆర్‌పీ (ఆక్సీకరణ-క్షయకరణ వోల్టేజి) 10 మిల్లీవోల్టుల లోపు. అప్పుడే సీసా పట్టండి.

నైట్రేట్+నైట్రైట్ సీసాలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండాలి, పీహెచ్ 2 కన్నా తక్కువ, ఐస్‌లో 28 రోజులు ఆగుతుంది. ఆమ్లం లేని సీసా అయితే 48 గంటలే. శుక్రవారం తీసి సోమవారం పంపితే ఆ గడువు దాటిపోతుంది, ల్యాబు ఆ అంకె పక్కన గుర్తు పెడుతుంది, ఆ దఫా వృథా. పురుగుమందులకి ముదురు గోధుమ రంగు గాజు సీసా, 7 రోజుల్లో ల్యాబులో ఎక్స్‌ట్రాక్షన్ అవ్వాలి.

బావుల వరస కూడా ముఖ్యం. శుభ్రమైన ఎగువ బావితో మొదలుపెట్టి ప్యాడ్ పక్క బావిని చివరికి ఉంచండి.

#10 బోరుబావి

నైట్రేట్ గురించే మాట్లాడుతున్నారు, పురుగుమందుల సంగతి కూడా చూడాలి. అట్రజిన్ ప్రమాణం లీటరుకి 3 మైక్రోగ్రాములు, కానీ విస్కాన్సిన్‌లో అది ఒక్క అట్రజిన్‌కి కాదు. అట్రజిన్, డీఈథైల్, డీఐసోప్రొపైల్, డైఅమినో అట్రజిన్, నాలుగూ కలిపి 3. నాలుగోదాన్ని అన్ని ల్యాబుల మామూలు జాబితాలో పెట్టరు. పాత స్థలంలో అసలు మందు విరిగిపోయి పిల్ల రసాయనాలే మిగులుతాయి కాబట్టి అట్రజిన్ 0.4 చూసి సంబరపడకూడదు. అలాక్లోర్ (ఇంకో కలుపు మందు) కూడా అంతే. దాని ప్రమాణం 2, కానీ నీళ్లలో ఎక్కువ దూరం పోయేది అది విరిగాక మిగిలే ఈఎస్ఏ రూపం, దానికి విడిగా 20 ఉంది.

ఆ కో-ఆప్‌లో ధాన్యం బిన్నులు కూడా ఉండేవా? ఉంటే తప్పనిసరిగా వీఓసీలు (తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలు) చూడండి. పాత రోజుల్లో గింజల పురుగుకి కార్బన్ టెట్రాక్లోరైడ్ 80, కార్బన్ డైసల్ఫైడ్ 20 పాళ్లలో కలిపిన ద్రవం పోసేవారు. కాన్సాస్, నెబ్రాస్కాల్లో అమెరికా వ్యవసాయ శాఖ పాత ధాన్యం నిల్వల కింద ఈ కార్బన్ టెట్రాక్లోరైడే భూజలంలో దొరికింది, ఆ స్థలాల పరిశోధన ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల చేసింది. దాని ప్రమాణం 5 మైక్రోగ్రాములు. ఇథిలీన్ డైబ్రోమైడ్ కూడా వాడేవారు, దాని ప్రమాణం 0.05 మాత్రమే. మామూలు వీఓసీ పద్ధతి అంత కిందికి చూడలేదు, 504.1 పద్ధతి అడగాలి. "కనపడలేదు" అని వచ్చిన నివేదికలో ఎంత వరకు చూడగలిగారో ఆ అంకె చదవండి.

#11 నీటిమట్టం

బిన్నులు లేవు. బోర్ల ఫలితాలు వచ్చాయి. కంకరపొర గారు చెప్పినట్టే ఉంది. అతుకు కింద మూడు బోర్లలోనూ 0.3 నుంచి 1.5 మీటర్ల దాకా అమ్మోనియం నత్రజని కిలోకి సగటున 300 మి.గ్రా. 2 మీటర్ల దగ్గర 40, 3 దగ్గర దాదాపు ఏమీ లేదు. సంప్ దగ్గర 60. అట్రజిన్ 2 మి.గ్రా. ప్రాంతం 8 × 12 మీటర్లు అని అంచనా.

#12 కంకరపొర

లెక్క కడదాం. 8 × 12 × 1.5 = 144 ఘనపు మీటర్లు. మట్టి సాంద్రత 1.7తో హెచ్చిస్తే 245 టన్నులు. కిలోకి 300 మి.గ్రా. అంటే 73 కిలోల నత్రజని ఆ గడప కింద కూర్చుని ఉంది. ఏడాదికి పది కిలోలు దిగినా మీ 3వ బావి అంకెలకి అది చాలు.

దారులు రెండు. ఒకటి, కాంక్రీట్‌ని మూతలా ఉంచి, అతుకులు పూడ్చి, ఏటా తనిఖీ చేసి రికార్డు పెడతామని నిర్వహణ ప్రణాళిక రాసిచ్చి మూసేయడం. ఖర్చు తక్కువ. కానీ స్థలం కొన్నవాళ్లు రేపు ఆ కాంక్రీట్ పగలగొడితే కథ మళ్లీ మొదలు. రెండు, తవ్వి పొలంలో పరచడం. 1.5 మీటర్ల లోతే, నీటిమట్టానికి పైనే, మట్టి కూడా తక్కువ. నా మాట వింటే తవ్వేయండి. ఈ స్థలానికి మూత వేయడం ఖర్చు తప్పించుకోవడం కాదు, ఇంకొకరి మీదికి నెట్టడం.

#13 పచ్చజొన్న

తవ్వడమే మేలు. ఎరువుల డిపోకి ఉన్న వెసులుబాటు ఇది: ఆ మట్టిలో ఉన్నది పొలంలో వాడే సరుకే, కాబట్టి రాష్ట్ర వ్యవసాయ శాఖ (డాట్‌క్యాప్) అనుమతితో లేబుల్ మోతాదు దాటకుండా పంట భూమిలో పరచొచ్చు. చెత్త దిబ్బకి లారీలు తోలాల్సిన పని లేదు.

మీ 245 టన్నుల్ని ఒక హెక్టారులో పరిస్తే మందం 1.4 సెం.మీ. నత్రజని 73 కిలోలు, మొక్కజొన్నకి ఒక పంటకి కావలసిన దానికన్నా తక్కువే, రైతు ఆ మేరకు ఎరువు తగ్గించుకోవాలి. అట్రజిన్ 245 టన్నులకి 0.49 కిలో. ఇసుక నేలల్లో ఎకరానికి 0.75 పౌండు పరిమితి, అంటే హెక్టారుకి 0.84 కిలో, కాబట్టి సరిపోతుంది. కానీ రైతు ఆ ఏడు అట్రజిన్ మళ్లీ కొడితే దాటిపోతుంది, కాగితం మీద ఒప్పుకోవాలి.

తప్పులు జరిగేది ఇక్కడ:
- అట్రజిన్ నిషేధిత ప్రాంతంలోని పొలం ఎంచుకోవడం. విస్కాన్సిన్‌లో అలాంటివి 12 లక్షల ఎకరాల పైన ఉన్నాయి, ముందు పటం చూడండి.
- సోయా వేసే చేలో పరచడం. అట్రజిన్‌కి సోయా మాడిపోతుంది. ఆ ఏడు మొక్కజొన్న వేసే చేనే కావాలి.
- కాంక్రీట్ ముక్కలు, ఇనుప కడ్డీలు జల్లెడ పట్టకుండా తోలడం. రైతు యంత్రం పళ్లు విరిగాక ఇంకే రైతూ ముందుకు రాడు.
- గడ్డకట్టిన నేల మీద పరచడం. మంచు కరిగితే అంతా వాగులోకే.

తవ్వాక పక్కనే ఉన్న 2వ బావిలో ఒకటి రెండు దఫాలు నైట్రేట్ లేస్తుంది. కాంక్రీట్ పోయి గాలీ వాననీరూ తగిలితే మిగిలిన అమ్మోనియం ఒక్కసారిగా మారుతుంది. ఈ సంగతి తవ్వకం ప్రణాళికలోనే రాసేయండి, అంకె వచ్చాక చెబితే సాకులా వినిపిస్తుంది.

#14 ఇసుకరేవు

తవ్వాక కనీసం నాలుగు దఫాలు, అందులో రెండు వసంతాలు ఉండేలా నమూనాలు తీయండి. క్లోరైడ్ కూడా చేర్చండి, పెద్ద ఖర్చు కాదు. పొటాష్ ఎరువు వల్ల మీ ప్లూమ్‌లో క్లోరైడ్ ఉంటుంది. నైట్రేటూ క్లోరైడూ ఒకే పాళ్లలో తగ్గితే అది పలుచబడటం. నైట్రేట్ ఒక్కటే తగ్గి, కరిగిన ఆక్సిజన్ 1 మి.గ్రా. కన్నా కింద ఉంటే నైట్రేట్ నత్రజని వాయువుగా మారిపోతోందని అర్థం. ఇసుక నేలలో ఆక్సిజన్ 5, 6 ఉంటే ఆ మాట నివేదికలో రాయకండి, ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

#15 బోరుబావి

స్థలంలో పాత సరఫరా బావి ఉందా? రసాయనం కలిపే నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు?

#16 నీటిమట్టం

ఉంది. షెడ్డు వెనక 6 అంగుళాల కేసింగ్, 55 మీటర్ల లోతు. పంపు తీసేశారు, పైన రేకు మూత మాత్రం ఉంది.

#17 బోరుబావి

దాన్నే మొదట చూడాల్సింది! పైపొర మురికి లోతు పొరకి దిగడానికి అది నిచ్చెన. ట్యాంకు నింపేటప్పుడు గొట్టం మూతి మందు నీళ్లలో మునిగి, పంపు ఆగితే వెనక్కి పీల్చుకుని నేరుగా బావిలోకే పోయేది. ముందు నమూనా తీయించండి, పురుగుమందులు కూడా. తర్వాత సీలు చేయించండి.

పరిమాణం: 6 అంగుళాల గొట్టం 55 మీటర్లకి 1 ఘనపు మీటరు. 94 పౌండ్ల సిమెంటు సంచికి 6 గ్యాలన్ల నీళ్లు కలిపితే 36 లీటర్ల గ్రౌట్ వస్తుంది, కాబట్టి 28 సంచులు. పగుళ్లలోకి పోయేది చూసుకుని మరో నాలుగైదు చేతిలో ఉంచుకోండి. నీళ్లు ఎక్కువ పోస్తే పల్చగా సులువుగా దిగుతుంది కానీ కుదించుకుపోయి పక్కన సందు వదులుతుంది. గొట్టాన్ని అడుగు దాకా దించి కింది నుంచి పైకి పంపు చేయాలి, గొట్టం మూతి ఎప్పుడూ గ్రౌట్‌లో మునిగే ఉండాలి. పైనుంచి పోస్తే మధ్యలో నీళ్ల జేబులు మిగులుతాయి. మరునాడు వెళ్లి చూడండి, మట్టం దిగి ఉంటే మళ్లీ నింపాలి.

#18 ఇసుకరేవు

దరఖాస్తు సమయానికి గుర్తుంచుకోవాల్సినవి. సరిహద్దులో 13 ఉంది కాబట్టి 10 దాటిన నీరు పొరుగు స్థలం కిందికి పోతోంది. ఆ యజమానికి ముందే రాతపూర్వకంగా తెలపాలి, ఆయన స్పందనకి 30 రోజులు ఇవ్వాలి. దిగువన ఇళ్ల బావులుంటే వాటి నమూనాలు లేకుండా దరఖాస్తు కదలదు. మూసిన తర్వాత కూడా ఆ స్థలం రాష్ట్ర డేటాబేస్‌లో, పటంలో ఉంటుంది, అక్కడ కొత్త బావి తవ్వాలంటే ముందు అనుమతి తీసుకోవాలి. స్థలం కొనేవాళ్లకి ఈ మాట యజమాని చెప్పాలి, మనం ఆయనకి చెప్పాలి.

ఇంకోటి. అనుమతి లేఖ చేతికి వచ్చేదాకా ఒక్క పరిశీలన బావినీ పూడ్చకండి. సమీక్షకులు "ఇంకో వసంతం చూపించండి" అంటే కొత్త బావి తవ్వాల్సి వస్తుంది, పాత అంకెలకి దానికీ పొంతన కుదరదు.

#19 నీటిమట్టం

తవ్వకానికి యజమాని ఒప్పుకున్నారు. శరత్తు కోత అయ్యాక పరచడానికి ఒక మొక్కజొన్న రైతు దొరికారు, అట్రజిన్ పటంలో ఆ చేను బయటే ఉంది. సరఫరా బావి నమూనా వచ్చే వారం. చివరగా, 2 అంగుళాల పరిశీలన బావుల్ని పూడ్చేటప్పుడు బెంటొనైట్ చిప్స్ (నీటికి ఉబ్బే బంకమట్టి ముక్కలు) సరిపోతాయా?

#20 బోరుబావి

అంత లోతు లేని వాటికి సరిపోతాయి. 50 పౌండ్ల సంచి 2 అంగుళాల గొట్టంలో 9 మీటర్ల దాకా నింపుతుంది. పొడి జల్లించేసి, 3 నిమిషాలకి ఒక సంచి కన్నా వేగంగా పోయకండి, లేకపోతే నీటిమట్టం దగ్గర చిప్స్ ఉబ్బి వంతెన కడతాయి, కింద ఖాళీ ఉండిపోతుంది. ప్రతి పావు సంచికీ టేపు దించి మట్టం కొలవండి, లెక్క ప్రకారం ఎంత లేవాలో అంత లేవకపోతే ఆపండి. నీటిమట్టానికి పైన పోసిన చిప్స్‌కి నీళ్లు పోసి తడపాలి. పైన 30 అంగుళాల లోతున కేసింగ్ కోసేసి మట్టి కప్పండి. ఒక్కో బావికి విడిగా 3300-005 ఫారం నింపండి, వాడిన సంచుల సంఖ్య అందులో రాయండి. లెక్కకీ వాడకానికీ తేడా వస్తే ముందు అడిగేది దాని గురించే.